పనిలేని పిల్లి - పనెక్కువైన నేను

"సార్, చార్జరు వైరుని మా పిల్లి కొరికేసింది. పది నిమిషాల్లో ఫోన్లోంచి జాయినవుతా."

2023లో ఒకరోజు మీటింగు మధ్యలో నేను మా మేనేజరుకి చెప్పిన మాటలివి. అవతల కాసేపు నిశ్శబ్దం. నానమ్మ పోయిందని రెండోసారి సెలవడిగినవాణ్ణి చూసినట్టు చూసుంటాడు పాపం (వీడియోలు ఆపేసున్నాయి కాబట్టి బతికిపోయా). కానీ నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఏడాది మా పిల్లిగారు కొరికిన, నమిలిన, మింగిన వస్తువుల చిట్టా ఇదీ: ల్యాప్‌టాప్ చార్జర్లు రెండు, ఇయర్‌ఫోన్లు నాలుగు జతలు, పెరుగు ప్యాకెట్ల మూలలు, రబ్బరు బ్యాండ్లు, చెప్పుల పట్టీలు, మా అమ్మ ఊలు శాలువాలో జానెడు ముక్క. సాక్సులకైతే లెక్కే లేదు. చివర్లో ఇంకోటి కూడా మింగింది. ఈ సోదంతా దాని గురించే.

పిల్లి తిండి కానిదాన్ని ఎందుకు నములుతుంది, నమిలితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు.. ఇవన్నీ నేను ముందే చదువుకుని జాగ్రత్తపడ్డ బాపతు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి. మీలో పిల్లిని పెంచేవాళ్ళకీ, తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళకీ నా కాలిన చేతులు కాస్త పనికొస్తాయేమోనని చెప్తున్నా.

2022 జులైలో హైదరాబాదులో ఎడతెరిపి లేకుండా వానలు పడ్డాయి, గుర్తుండే ఉంటుంది. ఆ వానల్లో నిజాంపేటలో మా అపార్టుమెంటు సెల్లారులో, నా బండి ఇంజను పక్కన ముడుచుకుని ఒక పిల్లికూన కనపడింది. అరచేతిలో పట్టేంత. నెల నిండి ఉంటుందేమో. తల్లి వస్తుందేమోనని ఒక రోజంతా చూశాం, రాలేదు. పైకి తెచ్చేశా. అప్పట్లో నాది పూర్తిగా ఇంటినుంచే పని. రాత్రి ఒంటిగంటకి కోడు రాసుకుంటుంటే కీబోర్డు పక్కన పడుకుని గుర్రుమనేది. ఎన్నిసార్లు తీసి అవతల పెట్టినా మళ్ళీ వచ్చి అక్కడే కూర్చునేది కాబట్టి 'కుక్కీ' అని పేరు పెట్టా. బ్రౌజర్లో కుక్కీల సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా. మా వాచ్‌మన్ మాత్రం "పిల్లికి కుక్క పేరు పెట్టిన్రేంది సార్?" అని ఇప్పటికీ అడుగుతుంటాడు. మా అమ్మైతే ఫోన్లో "పెళ్ళి చేసుకోరా అంటే పిల్లిని తెచ్చుకున్నావా నాన్నా" అని నెత్తి కొట్టుకుంది.

వచ్చిన వారం నుంచే ఒక అలవాటు మొదలైంది. అమ్మ ఊరెళ్తూ వదిలేసిన ఊలు శాలువా మీదికెక్కి, ముందుకాళ్ళతో పిండి పిసికినట్టు పిసుకుతూ, దాని అంచు నోట్లో పెట్టుకుని చప్పరించేది. కళ్ళు సగం మూసుకుని, తల్లిపాలు తాగుతున్నట్టే. చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నాకూ ముద్దొచ్చింది. వీడియోలు తీసి స్నేహితులకి పంపా. "సో క్యూట్" అని ఇరవై మంది అన్నారు. అందులో ఒక్కరికీ, నాతో సహా, ఇది జాగ్రత్తగా గమనించాల్సిన విషయం అని తట్టలేదు. ప్రోగ్రాం నడుస్తోంది కదా అని వార్నింగులన్నీ వదిలేసేవాళ్ళం కదా మనం!

మూడు నుంచి ఆరు నెలల మధ్య పిల్లికి 26 పాలపళ్ళూ ఊడి 30 గట్టిపళ్ళు వస్తాయి. ఆ టైములో చిగుళ్ళు దురదపెట్టి అది కూడా ఇదీ నములుతుంది. కుక్కీ కూడా వైర్ల జోలికెళ్ళింది అప్పుడే. పళ్ళొస్తున్నాయిలే, అదే పోతుంది అనుకున్నా. కొంత తగ్గింది కూడా. ఇక్కడిదాకా కథ సుఖాంతమే.

2023 మొదట్లో మా కంపెనీ వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంది. కొన్నాళ్ళకి అది ఐదయింది. నిజాంపేట నుంచి గచ్చిబౌలి వెళ్ళొచ్చేసరికి రోజుకి రెండున్నర గంటలు రోడ్డు మీదే. పొద్దున్న తొమ్మిదికి తలుపు తాళం వేస్తే మళ్ళీ తీసేది రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో. పుట్టినప్పటినుంచీ ఇరవైనాలుగ్గంటలూ నా పక్కనే ఉండటానికి అలవాటుపడ్డ పిల్లి ఒక్కసారిగా పన్నెండు గంటలు నాలుగ్గోడల మధ్య ఒంటరిదైపోయింది. నాకు ఆ కోణం తట్టనే లేదు. గిన్నె నిండా తిండి ఉంది, నీళ్ళున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, ఇంకేం కావాలి? "కుక్కల్లా కాదురా, పిల్లులు వాటి మానాన అవి బతికేస్తాయి" అని నలుగురికీ సలహా కూడా చెప్పేవాణ్ణి.

సాక్సులకి బెజ్జాలు పడటం మొదలైంది అప్పుడే. చప్పరించడం పోయి కొరికి మింగడం దాకా వచ్చింది. పక్క పళ్ళతో పట్టుకుని కత్తెరలా కరకరా కోసేది. అమ్మకి చెప్తే దిష్టి తియ్యమంది. పక్క ఫ్లాటు ఆంటీ వైర్లకి కారం రాయమన్నారు. ఆఫీసులో ఒకడు బట్టల మధ్య కలరా ఉండలు పెట్టమన్నాడు. నేను నాకు తోచిన పద్ధతి పాటించా, అంటే అరవడం. కనపడ్డప్పుడల్లా "ఏయ్!" అని గట్టిగా అరిచి చప్పట్లు కొట్టడం, రెండుమూడుసార్లు వీపు మీద ఒకటి వెయ్యడం (ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది). ఫలితం? నా ముందు నమలడం మానేసింది. నేను లేనప్పుడూ, మంచం కిందా నమలడం మొదలెట్టింది. బగ్ పోలేదు. లాగ్‌లో కనపడకుండా పోయింది, అంతే.

2023 దీపావళికి అమ్మ వచ్చింది. దేవుడి పటాలకి బంతిపూల దండలు వేసింది. నాలుగు రోజులుండి వెళ్ళిపోయింది. మాకు ఆ వారం రిలీజు. ఇంటికి రాత్రి పదకొండింటికి చేరడం, పడుకోవడం, లేచి పోవడం. ఎండిపోయిన దండలు పటాలకి అలాగే వేలాడుతున్నాయి. ఒకరోజు రాత్రి వచ్చేసరికి హాలంతా బంతిపూల రెక్కలు. ఓహో, దండతో ఆడుకుందన్నమాట అనుకుని చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేశా.

పూలన్నీ ఉన్నాయి. దారం లేదు. ఆ సంగతి నేను గమనించలేదు.

మర్నాడు పొద్దున్న వాంతి చేసుకుంది. పిల్లులన్నాక ఒళ్ళు నాక్కుని జుట్టు కక్కుతుంటాయిలే అని తుడిచేసి ఆఫీసుకెళ్ళా. రాత్రి వచ్చి చూస్తే గిన్నెలో తిండి అలాగే ఉంది, ఇంకో రెండుచోట్ల పచ్చగా కక్కింది. మంచం కింద మూలకి చేరి కూర్చుంది, పిలిస్తే రాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని అనిపించింది. నిజంగా అనిపించింది. కానీ మర్నాడు పొద్దున్నే రిలీజు. అయ్యాక తీసుకెళ్దాంలే అనుకున్నా. రిలీజు అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. అలా నా పిల్లి ప్రాణం ఒకటిన్నర రోజు 'తర్వాత చూద్దాం' జాబితాలో ఉండిపోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, ఆ రెండ్రోజులూ కళ్ళు మూసుకున్నది పిల్లి కాదు.

డాక్టరుగారు యాభై దాటిన ఆవిడ. నేను వాంతుల గురించి చెప్తుండగానే దాని నోరు తెరిచి, గదమ కిందనుంచి బొటనవేలితో నొక్కి నాలుక పైకెత్తి చూశారు. నాలుక మొదట్లో ఒక దారం చుట్టుకుని ఉంది. కండలోకి కోసుకుపోయి ఎర్రగా అయ్యుంది. దాని రెండో కొస ఎక్కడుంది అంటే, లోపల.

నేను అప్రయత్నంగా "లాగేద్దామా మేడమ్" అన్నా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశారు. "అదే చెయ్యకూడదు. లంగా నాడా లాగితే ఏమవుతుంది? బట్టంతా కుచ్చులు పడుతుంది కదా. లోపల పేగు ఇప్పుడు అలాగే ఉంది. ఒక కొస నాలుక దగ్గర ఇరుక్కుంది. రెండో కొసని పేగు కిందికి తోద్దామని చూస్తోంది, అది కదలట్లేదు. దాంతో పేగే దారం మీదికి కుచ్చులుగా ఎక్కుతుంది. ఇప్పుడు లాగితే దారం రంపంలా పేగుని కోసేస్తుంది."

ఎక్స్‌రేలో దారం, బట్ట సరిగ్గా కనపడవట. స్కానింగు చేసి ఖాయం చేసుకుని ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పేగుని రెండుచోట్ల కోసి దారం ముక్కలుగా తీయాల్సొచ్చింది. ఇంకో రోజు ఆగి ఉంటే పేగుకి బెజ్జం పడి, లోపలిదంతా కడుపులోకి కారి, బతికే అవకాశం బాగా తగ్గేదన్నారు. బయట ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు కూర్చున్నా. ఫోన్లో రిలీజు బాగా జరిగినందుకు అందరికీ అభినందనలు చెప్తూ మెయిళ్ళు వస్తున్నాయి. నా పేరు కూడా ఉంది అందులో.

పిల్లి నాలుక గరుగ్గా ఉంటుంది కదా, దాని మీద ముళ్ళలాంటివన్నీ గొంతు వైపుకి వంగి ఉంటాయి. ఒక దారం కొస నోట్లోకి వెళ్ళిందంటే ఉమ్మెయ్యడం దానికి చాలా కష్టం. నాలుక కదిలినకొద్దీ లోపలికే పోతుంది. అది కావాలని మింగిందని కోప్పడతాం గానీ, కొంతదూరం పోయాక దాని చేతిలో ఏమీ ఉండదు.

మూడోరోజు కుక్కీని ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి అరగంట ప్రశ్నలు వేశారు. ఎన్ని వారాల వయసులో దొరికింది? ఏం పెడతారు? ఎన్నిసార్లు పెడతారు? రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? నమలడం ఎప్పట్నుంచి ఎక్కువైంది? ఆ నెలలో ఇంట్లో ఏం మారింది? ఎనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని చెప్పుకునేవాణ్ణి, అసలు కారణం వెతకడం అంటే ఏమిటో ఆ రోజు ఒక పశువుల డాక్టరు దగ్గర చూశా. ఆ తర్వాత నేను చదివినవీ, ఆవిడ చెప్పినవీ కలిపి చెప్తా.

తిండి కానిదాన్ని తినే ఈ అలవాటుని పైకా అంటారు. లాటిన్లో ఒక రకం పక్షి పేరది, ఏది దొరికితే అది తినేస్తుందని దానికి పేరు. కారణాలు మూడు గంపల్లో వెయ్యొచ్చు.

మొదటిది ఒంట్లో బాగోకపోవడం. పళ్ళ నొప్పి, చిగుళ్ళ వాపు, కడుపులో పురుగులు, పేగుల జబ్బు, రక్తం తక్కువవడం.. వీటిల్లో ఏదున్నా పిల్లి వింత వస్తువులు నమలొచ్చు. ముఖ్యంగా మట్టి, మలవిసర్జన డబ్బాలో ఇసుక నాకుతుంటే చిగుళ్ళు పాలిపోయాయేమో చూసి రక్తపరీక్ష చేయించాలి. ఉన్నట్టుండి పెద్ద వయసులో మొదలైతే అస్సలు ఆలస్యం చెయ్యకూడదు. అలవాటు అని తేల్చేముందు జబ్బు కాదని తేల్చుకోవాలి, వరస అదీ.

రెండోది పుట్టుక, బాల్యం. 1997లో ఇంగ్లండు పరిశోధకుడు జాన్ బ్రాడ్‌షా, మరో ఇద్దరు కలిసి ఈ అలవాటున్న 152 పిల్లుల వివరాలు సేకరించి చూశారు. వాటిలో 93 శాతం ఊలు నమిలేవే. నూలు 64 శాతం, సింథటిక్ బట్టలు 54 శాతం. సగానికి పైగా సయామీ జాతివి. అంటే వంశపారంపర్యం ఎంతోకొంత ఉందన్నమాట. మరి మా కుక్కీ సయామీ కాదు, సెల్లారు జాతి. దానికి సంబంధించిన కారణం ఇంకోటి ఉంది, తల్లినుంచి తొందరగా విడిపోవడం. 2017లో హెల్సింకి యూనివర్సిటీ వాళ్ళు 5,726 పిల్లుల వివరాలు పరిశీలిస్తే, ఎనిమిది వారాల్లోపే తల్లిని వదిలినవాటిలో దూకుడు ఎక్కువగా ఉంది. పద్నాలుగు వారాల దాకా తల్లి దగ్గరున్నవాటిలో చేసిందే చేస్తుండే అలవాట్లు తక్కువ. శాలువా చప్పరించడం ముద్దొచ్చే ఆట కాదు, తల్లి కోసం వెతుక్కోవడం అని అప్పుడర్థమైంది. ఆ వీడియోలు మళ్ళీ చూడలేకపోయా.

మూడోది బతుకు. తోచకపోవడం, ఒంటరితనం, ఇంట్లో మార్పులు. ఇక్కడే నా కేసు తేలిపోయింది.

ఇది వింటుంటే నాకు తణుకు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. వాళ్ళింట్లో ఎప్పుడూ ఒకటో రెండో పిల్లులుండేవి. ఎవరూ పెంచేవారు కాదు, ఉండేవి. తెల్లారకముందే ధాన్యం పురి చుట్టూ ఒక రౌండు. తర్వాత గడ్డిమేటు. కాసేపు అరుగు మీద కునుకు. అమ్మమ్మ చేపలు తోముతుంటే ఎదురుగా హాజరు. మధ్యాహ్నం గోడమీద పక్కింటి పిల్లితో తగువు. సాయంత్రం మళ్ళీ వేట. పచ్చిగడ్డి కూడా కాస్త కొరికేది. ఒక్కరోజు కూడా అది చాపలు గానీ చీరలు గానీ తిన్నట్టు నేను వినలేదు. దానికంత తీరిక ఎక్కడిది!

బయట బతికే పిల్లి రోజులో ఎన్నోసార్లు చిన్నచిన్న వేటలు వేటాడి, కొంచెం కొంచెంగా తింటుంది. పొంచి ఉండటం, ఉరకడం, పట్టడం, కొరకడం, చీల్చడం, తినడం, ఒళ్ళు నాక్కుని పడుకోవడం, ఇదీ దాని పని. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటాం. ఆ సామెతలో ఎప్పుడూ ఎలుక బాధే చూశాం గానీ, పిల్లికి చెలగాటం ఎంత అవసరమో చూళ్ళేదు. నేను చేసిందేమిటి? వేటాడే జంతువుని తెచ్చి ఆరొందల చదరపు అడుగుల ఫ్లాటులో పెట్టి, నెలకి సరిపడా జీతం ముందే ఇచ్చి, చెయ్యడానికి పని మాత్రం ఇవ్వలేదు. బెంచి మీద కూర్చున్నవాళ్ళని అడగండి, ఊరికే జీతం రావడం ఎంత నరకమో చెప్తారు. పనిలేక పిల్లి తల గొరిగినట్టని మనుషుల్ని వెక్కిరిస్తాం. మరి పిల్లికే పనిలేకపోతే? మన సాక్సు కొరుగుతుంది.

సరే, ఇంతకీ ఏం చేశానో చెప్తా. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

1. ముందు దొరక్కుండా చెయ్యడం. దారాలు, సూదులు, పూలదండలు, రబ్బరు బ్యాండ్లు, రిబ్బన్లు, కవర్లు అన్నీ మూతున్న డబ్బాల్లోకి పోయాయి. 2016లో మాంట్రియల్ పశువైద్యులు చేసిన పరిశీలనలో కూడా పిల్లులు ఎక్కువగా మింగింది బూటు తాళ్ళూ, దారాలేనట. చెత్తబుట్టకి మూత. వైర్లకి గట్టి ప్లాస్టిక్ గొట్టాలు. కరెంటు వైరు కొరికితే నోరు కాలడంతో పోదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి రావొచ్చు. ఉతికిన సాక్సు అల్మారాలోనే ఉండాలి (ఈ విషయంలో అమ్మ ఇరవయ్యేళ్ళుగా సాధించలేనిది పిల్లి నెలలో సాధించింది :)).

2. మొక్కలు. మనీప్లాంటు లేని ఫ్లాటు ఉండదు కదా మనకి. దాని ఆకు నమిలితే పిల్లికి నోరంతా మండి చొంగ కారుతుంది. లిల్లీలైతే పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడైపోతాయి. మా మనీప్లాంటు పక్కింటి ఆంటీకి ఇచ్చేశా. బదులుగా ఒక పాత ట్రేలో గోధుమలు నానబోసి చల్లా. వారానికి నారొచ్చేస్తుంది. రోజూ కాస్త కొరుక్కుంటుంది. గడ్డి తినడం పిల్లులకి మామూలే, జబ్బు కాదు.

3. తిండి. ఒకేసారి గిన్నె నింపడం మానేసి, అదే కొలతని ఐదారు భాగాలు చేశా. కొంత గుడ్ల అట్టపెట్టె గుంటల్లో దాస్తా, కొంత బెజ్జాలు పెట్టిన అట్టగొట్టంలో వేస్తా. దొర్లించి రాల్చుకోవాలి. మాంట్రియల్ పరిశీలనలోనే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిండి అందే పిల్లుల్లో ఈ అలవాటు తక్కువగా కనపడింది. కాబట్టి కడుపు మాడ్చకుండా, వెతుక్కునే పని మాత్రం మిగల్చాలి. ఇంకోటి, పాలన్నం పెరుగన్నంతో పిల్లిని పెంచలేం. అది పూర్తిగా మాంసాహారి. మాంసంలో ఉండే టారిన్ అందకపోతే దాని గుండె దెబ్బతింటుందని 1987లోనే తేల్చారు.

4. ఆట. రోజుకి రెండుసార్లు, పొద్దున్న పది నిమిషాలు, రాత్రి పదిహేను. కర్రకి ఈక కట్టి ఎలుకలా పాకిస్తా, దాక్కోబెడతా. చివర్లో పట్టుకోనిస్తా, వెంటనే తిండి పెడతా. వేట, తిండి, నిద్ర, ఆ వరస పూర్తయితేనే దానికి తృప్తి. ఆడాక ఆ కర్ర బీరువాలోకి పోతుంది. దాని తాడు మింగితే మళ్ళీ మొదటికే వస్తుంది కథ.

5. తిట్టకపోవడం. నమిలేది కనపడితే మాట్లాడకుండా ఆ వస్తువు తీసేసి వేరే పని చూపిస్తా. అరిస్తే భయంతో నమలడం ఇంకా ఎక్కువవుతుంది, లేదా 'ఓహో, ఇలా చేస్తే వీడు నావైపు చూస్తాడన్నమాట' అని నేర్చుకుంటుంది. కారం రాయడం క్రూరత్వం. కలరా ఉండలు పిల్లికి విషం, కర్పూరం కూడా అంతే. దయచేసి ఆ సలహాలు ఎవరికీ ఇవ్వకండి.

ఇవన్నీ చేసినా తగ్గని పిల్లులకి మనుషులకిచ్చినట్టే ఆందోళన తగ్గించే మందులు డాక్టరు రాయాల్సొస్తుంది. మా కుక్కీకి అంతదాకా రాలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. వాంతులవుతూ తిండి మానేసిన పిల్లిని, అందులోనూ నమిలే అలవాటున్న పిల్లిని, ఒక్కరోజు కూడా ఇంట్లో పెట్టుకోకండి. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి. అలాగే తీసుకెళ్ళండి.

పూర్తిగా మానేసిందా అంటే, లేదు. చిన్నప్పటిది అంత సులభంగా పోదు. శాలువా ఇప్పటికీ చప్పరిస్తుంది, నేను ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే బయటికి తీస్తా. కొరకడం మొదలెడితే తీసేస్తా. ఇంట్లో పెద్ద మార్పొస్తే మళ్ళీ నాలుగు రోజులు నములుతుంది. పోయినేడు నేను వేరే ఫ్లాటుకి మారినప్పుడు అదే జరిగింది. కానీ ఇప్పుడు నాకు కోపం రాదు. అది నాకు ఏదో చెప్తోంది, అది చెప్పగలిగిన ఒకే ఒక పద్ధతిలో.

నా అభిప్రాయం ఒకటి చెప్పి ముగిస్తా, తిట్టుకున్నా సరే. మనలో చాలామంది పిల్లిని తెచ్చుకునేది 'కుక్కకైతే టైమివ్వాలి, పిల్లికక్కర్లేదు' అనుకునే. నేనూ అంతే. అది తప్పు. పిల్లి గొడవ చెయ్యదు, అంతే తేడా. వాకింగుకి తీసుకెళ్ళమని తలుపు దగ్గర మొరగదు. మూల కూర్చుని సాక్సు నములుతుంది. రోజుకి అరగంట ఇవ్వలేని ఉద్యోగంలో ఉంటే ఇప్పుడే తెచ్చుకోకండి. లేదూ తెచ్చుకుంటామంటే జతగా పెరిగిన రెండు పిల్లుల్ని తెచ్చుకోండి, ఒకదానికొకటి తోడుంటాయి.

ఆపరేషన్ బిల్లు నలభై వేల దాకా అయ్యింది. ఆ రిలీజులో మేమిచ్చిన ఫీచరుని మూడు నెలల తర్వాత ఎవరూ వాడట్లేదని తీసేశారు. ఇప్పుడు రిలీజు వారమైనా సరే ఆరున్నరకి బయల్దేరుతున్నా. మొన్న మా మేనేజరు "ఏంటోయ్, పిల్లి ఎదురుచూస్తోందా" అని నవ్వాడు. "అవును సార్" అన్నా. ఈసారి నమ్మాడు.